డెమో చూసి బండి కొనకండి

మొన్నామధ్య ఓ శనివారం పొద్దున్నే మా టీంలో కుర్రాడొకడు ఫోన్ చేశాడు. "అన్నా, ఆర్ఎక్స్ 100 దొరికింది. లక్షా పది వేలంటున్నాడు. సౌండ్ వింటే పిచ్చెక్కిపోతావ్. సాయంత్రం లోపు అడ్వాన్సు ఇవ్వకపోతే ఇంకెవరికో ఇచ్చేస్తాడట" అని. ఫోన్లోనే ఆ సౌండ్ కూడా వినిపించాడు. నిజం చెప్పొద్దూ, బాగుంది. చిన్నప్పుడు మా చిన్న మావయ్య నన్ను ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని కాలవగట్టు మీద తిప్పిన రోజులు గుర్తొచ్చాయి.

అయినా "రూపాయి కూడా ఇవ్వకు, నేనొస్తున్నా" అన్నాను. ఎందుకంటే ఆరేళ్ళ క్రితం నేనూ ఇలాగే ఒక బండి కొన్నాను.

మొదటి ఉద్యోగం, మాదాపూర్లో రూము. పదకొండేళ్ళ పాత 150 సీసీ బండి, ఇరవై ఎనిమిది వేలు. కొత్త పెయింటు, కొత్త సీటు కవరు, మీటర్లో పంతొమ్మిది వేల కిలోమీటర్లు. సందులో ఒక రౌండు కొట్టి "స్మూత్ గా ఉంది" అనేశా. పేరు మార్పు సంగతి అడిగితే ఏజెంటు "ఫారాల మీద సంతకాలున్నాయి కదా సార్, ఎప్పుడైనా చేయించుకోవచ్చు" అన్నాడు. ఆ 'ఎప్పుడైనా' బీరువాలోనే ఉండిపోయింది.

ఎనిమిది నెలల తర్వాత ఒక వానరాత్రి, మియాపూర్ దగ్గర బ్రేకేస్తే హాండిల్ వణికింది. బండి మా చేతుల్లో లేదు. వెనక కూర్చున్న నా రూమ్మేటుకి కాలర్ బోన్ విరిగింది. కొత్త కంపెనీలో వాడి జాయినింగు నెల రోజులు వెనక్కి పోయింది. రోడ్డు పక్కన అరటిపళ్ళ తోపుడు బండి ఆయన కాలికి దెబ్బ తగిలింది. ఫోర్కు ఎప్పుడో యాక్సిడెంట్లో వంగితే సాపు చేయించి పెయింటేశారని తర్వాత మెకానిక్కు చూపించాడు. ఇన్సూరెన్సు కూడా అప్పటికే అయిపోయింది. ఆయన ఆసుపత్రి ఖర్చు నేనే పెట్టుకున్నాను, కేసు దాకా వెళ్ళలేదు.

కానీ పోలీసులు ఆర్సీలో ఉన్న పేరుకి ఫోన్ చేశారు. నిజామాబాద్ నించి ఒక రిటైరైన పెద్దాయన బస్సెక్కి స్టేషనుకి వచ్చాడు. ఆయన్ని నేను అదే మొదటిసారి చూడడం. నన్ను తిట్టలేదు. "బాబూ, నేనమ్మి నాలుగేళ్ళయింది. సంతకాలు పెట్టి ఇచ్చేశా కదా, అయిపోయిందనుకున్నా" అన్నాడంతే. తిట్టినా బాగుండేది.

ఇంతకీ నేను చెప్పొచ్చేదేంటంటే... మనం ఐటీ వాళ్ళం. క్లయింటుకి డెమో ఇచ్చే ముందు రాత్రి ఏం చేస్తామో మనకి తెలుసు. ఏ బటన్ నొక్కితే క్రాష్ అవుతుందో దాని జోలికి పోం. అలాంటి మనం బండి దగ్గరికొచ్చేసరికి అమ్మేవాడి డెమో చూసి పడిపోతాం. పెయింటు, స్టిక్కర్లు, సీటు కవరు, మీటరు, సైలెన్సరు సౌండు... ఇవన్నీ ఒక్క పూటలో మార్చగలిగేవే. అందుకే నా మటుకు నాకు ఒకటే రూలు. ఒక్క పూటలో మార్చగలిగేదాన్ని లెక్కలోకి తీసుకోకూడదు, మార్చలేనిదాన్నే చూడాలి.

మొదటిది చల్లటి ఇంజను. "నేనొచ్చేదాకా స్టార్ట్ చెయ్యొద్దు" అని ముందే చెప్పండి. వెళ్ళగానే ఇంజను మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే, ఆయన మీకంటే ముందే కష్టపడ్డాడన్నమాట! చల్లారేదాకా టీ తాగి రండి. చల్లగా ఉన్నప్పుడే అసలు గుణం బయటపడుతుంది. ఫోర్ స్ట్రోక్ బండికి స్టార్ట్ చేసినప్పుడు కాసేపు నీలం పొగ వచ్చి ఆగిపోతే వాల్వ్ సీల్స్ అరిగి ఉండొచ్చు. రేజ్ చేసినప్పుడల్లా వస్తుంటే రింగులూ బోరూ అనుమానించాలి. టూ స్ట్రోక్ అయితే కాస్త పొగ మామూలే. కానీ పొగ విపరీతంగా ఉండి, గేర్ ఆయిలు కూడా తగ్గుతోందంటే క్లచ్ వైపు క్రాంక్ సీలు పోయి ఆ ఆయిలు కూడా కాలుతోందని. రేజ్ చేసి వదిలాక ఇంజను వెంటనే కిందకి దిగకపోతే ఎక్కడో గాలి లాగుతోందేమో చూడాలి. గాలి ఎక్కువై పిస్టన్ వేడెక్కి పట్టేసిందంటే వెనక చక్రం పరుగులోనే లాక్ అవుతుంది. రిపేరు ఖర్చు సంగతి తర్వాత, మనిషి మిగలాలి కదా.

పాత యమహాల్లో ఆయిల్ పంపు తీసేసి, పెట్రోల్లోనే ఆయిలు కలిపి నడిపేవాళ్ళు చాలామంది. పంపు ఉందా లేదా అడగండి. తెలియక ఉత్త పెట్రోలు కొట్టించారంటే ఇంజను అయిపోయినట్టే. బోరు ఎన్నిసార్లు చేయించారో కూడా అడగండి. బోరు చేసినకొద్దీ పిస్టన్ సైజు పావు మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది. చివరి సైజుకి వచ్చేసిన బండికి ఇంకో బోరు ఉండదు, బ్లాకే మార్చాలి.

రెండోది అరుగుదల. మీటరుని నమ్మొద్దు, రబ్బర్లని నమ్మండి. మీటర్లో పద్దెనిమిది వేలుండి, కిక్ రబ్బరు నున్నగా, బ్రేక్ పెడల్ అరిగి మెరుస్తూ ఉంటే ఎవరు అబద్ధమాడుతున్నారో మీకే తెలుస్తుంది. టైరు పక్కన నాలుగంకెలుంటాయి. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. 1417 అంటే 2017లో పద్నాలుగో వారం. గాట్లు బాగానే ఉన్నాయి కదా అని అంత పాత టైరు మీద వానలో బ్రేకెయ్యకూడదు.

మూడోది ఫ్రేము. నా బండిలో నేను చూడనిది ఇదే. సెంటర్ స్టాండ్ వేసి, ముందు చక్రం లేపి, హాండిల్ మెల్లగా అటూ ఇటూ తిప్పండి. మధ్యలో గాడిలో పడ్డట్టు ఆగితే కోన్ సెట్ పోయినట్టు. ఫోర్కు పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగండి. వెనక చక్రం పక్కకి ఊపండి. ఊగితే బుష్ లో బేరింగులో అరిగాయని. తర్వాత నాలుగడుగులు వెనక్కెళ్ళి, కూర్చుని చూడండి. రెండు చక్రాలూ ఒకే గీతలో ఉన్నాయా? దీనికి మెకానిక్కే అక్కర్లేదు, రెండు నిమిషాలు చాలు.

ఇక నాలుగోది కాగితాలు. చాలామంది దీన్ని నమ్మకానికి సంబంధించిన విషయం అనుకోరు. నేను మాత్రం ఇంజను కంటే ముందు ఇదే అంటాను. ఇంజను పాడైతే రాణిగంజ్ లోనో పుత్లీబౌలిలోనో సామాను దొరుకుతుంది. తప్పుడు ఛాసిస్ నంబరుకి స్పేరు దొరకదు. ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు ఆర్సీతో అంకె అంకె పోల్చండి. రుద్దినట్టో, మళ్ళీ కొట్టినట్టో ఉంటే చర్చ వద్దు, లేచి వచ్చెయ్యండి. లోను మీద కొన్న బండైతే హైపోథికేషన్ తీయించారా చూడండి. వేరే రాష్ట్రానిదైతే ఎన్ఓసీ అడగండి. పదిహేనేళ్ళు దాటితే రిజిస్ట్రేషన్ రెన్యువల్ అయిందా, ఎప్పటిదాకా ఉంది? అది ఒకసారికి ఐదేళ్ళే ఇస్తారు. పాత చలానాలు కూడా చూసుకోండి.

పేరు మార్పుకి ఫారం 29, 30. మోటారు వాహనాల చట్టం ప్రకారం ఒకే రాష్ట్రంలో అయితే అమ్మినవాడు పద్నాలుగు రోజుల్లో, కొన్నవాడు ముప్పై రోజుల్లో ఆర్టీఓకి చెప్పాలి. 2018లో నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది కూడా. బండి ఎన్ని చేతులు మారినా, యాక్సిడెంట్ రోజున రిజిస్టర్లో ఎవరి పేరుందో పరిహారం విషయంలో ఓనరు వాళ్ళే. అంటే ఆ రోజు ఆ అరటిపళ్ళాయన కేసు వేసి ఉంటే, నిజామాబాద్ పెద్దాయన తను చెయ్యని తప్పుకి కోర్టు చుట్టూ తిరిగేవాడు. నా బద్ధకం వల్ల.

"ఇన్ని చూస్తే ఏ బండీ కొనలేం" అంటారు కొందరు. నిజమే, పాత బండిలో ఏదో ఒకటి ఉంటుంది. చైన్ సెట్, క్లచ్ ప్లేట్లు, కేబుళ్ళు, బ్యాటరీ లాంటివి పోతే భయపడక్కర్లేదు, ధరలో తగ్గించుకుంటే సరి. తెలిసిన బగ్గుతో బతకొచ్చు, దాచిన బగ్గుతోనే ప్రమాదం. తెలిసిన మెకానిక్కుకి ఐదొందలిచ్చి వెంట తీసుకెళ్ళండి, బండి వద్దన్నా సరే ఆ ఐదొందలు ఇవ్వండి. అలాగే "సాయంత్రం లోపు" అన్న మాట వినబడితే ఒకడుగు వెనక్కెయ్యండి. మంచి బండికి తొందరుండదు, అమ్మేవాడికే ఉంటుంది.

సరే, మా కుర్రాడి ఆర్ఎక్స్ 100 సంగతి. వెళ్ళేసరికి ఇంజను కాలిపోతోంది. గంట ఆగుతామంటే ఆయనకి నచ్చలేదు. ఆ గంటలో ఆర్సీ చూశాను. 1999 మోడల్, 132 సీసీ. ఆర్ఎక్స్ 100 ఇంజను 98 సీసీ, పైగా మన దేశంలో దాని తయారీ 1996లోనే ఆగిపోయింది. అంటే అది ఆర్ఎక్స్ 135, స్టిక్కర్లు మాత్రం 100వి! 135 చెడ్డ బండేం కాదు, కానీ అది అది కాదు. రిజిస్ట్రేషన్ కూడా 2024లో అయిపోయింది, మళ్ళీ చేయించలేదు. మావాడి మొహం చూడాలి... సోమవారం నాతో సరిగ్గా మాట్లాడలేదు. రెండు వారాల తర్వాత వాళ్ళ కాలనీలో ఒకాయన దగ్గర తొమ్మిదేళ్ళ వంద సీసీ బండి కొన్నాడు. ఒకే ఓనరు, సర్వీసు బిల్లులన్నీ ఫైల్లో పెట్టుకున్నాడట. సౌండ్ మాత్రం కుట్టుమిషన్లా ఉంటుంది :)

నా బండా? ఫోర్కు మార్పించి, ముందు నా పేరు మీదకి మార్చుకుని, ఏడాది తర్వాత అమ్మేశాను. కొన్నతనికి యాక్సిడెంట్ సంగతి చెబితే మూడు వేలు తగ్గించమన్నాడు, తగ్గించాను. ఒక్క షరతు మాత్రం పెట్టాను. డబ్బులు ఇచ్చే రోజే ఇద్దరం కలిసి ఆర్టీఓ ఆఫీసుకి వెళ్ళాలని. "ఎందుకు సార్, నేను చేయించుకుంటా కదా" అన్నాడు. నేను వినలేదు. కొత్త ఆర్సీ అతని ఇంటికి వచ్చిందని ఫోన్ చేసి కనుక్కున్నాకే ఆ బండి నిజంగా అమ్మినట్టు అనిపించింది.