ఆగిపోయిన గడియారం పారెయ్యకండి

గోడ గడియారం ఆగిపోతే ముందు బ్యాటరీ మారుస్తాం. అప్పటికీ తిరక్కపోతే చెత్తబుట్టలో పడేస్తాం. కొత్తది చవగ్గానే దొరుకుతుంటే బాగుచేసే ఓపిక ఎవరికుంటుంది లెండి! కానీ నన్నడిగితే, మనలాంటి సాఫ్ట్‌వేర్ జనం పారెయ్యకూడని వస్తువు అది.

సాధారణంగా పాడయ్యేది పళ్ళచక్రాలో, కారిన బ్యాటరీ తినేసిన రేకులో. లోపల వెండిరంగు గొట్టంలో ఉండే క్వార్ట్జ్ క్రిస్టల్ చాలాసార్లు నిక్షేపంలా ఉంటుంది. అది సెకనుకి 32768 సార్లు కంపిస్తుంది. ఆ అంకె మనకి పరిచయమే, టూ పవర్ ఫిఫ్టీన్. పదిహేనుసార్లు సగం చేసుకుంటూ పోతే సరిగ్గా సెకనుకి ఒక టిక్ మిగులుతుంది. పక్కనే ఒక రాగితీగ చుట్ట, అయస్కాంతం ఉంటాయి. సెకనుకోసారి కరెంటు దిశ మార్చి చిన్న పల్స్ ఇస్తే ముల్లు ఒక అడుగు వేస్తుంది.

ఈ క్రిస్టల్‌ని ఏటీమెగా328పీ చిప్‌కి తగిలించి, ప్రోగ్రాముని లోపలి ఆర్‌సీ ఆసిలేటర్ మీద, టైమర్2 ని క్రిస్టల్ మీద నడపొచ్చు. సెకనుకోసారి లేవడం, పని చూసుకోవడం, మళ్ళీ పడుకోవడం. నిద్రలో అది తాగేది డేటాషీట్ ప్రకారం 1.8 వోల్టుల దగ్గర సుమారు ముప్పావు మైక్రోయాంపు. అదే ముల్లు తిప్పడానికి సెకనుకి 30 మిల్లీసెకన్ల పాటు 5 మిల్లీయాంపులు ఇస్తే సగటున 150 మైక్రోయాంపులు! అంటే కరెంటు తినేది చిప్ కాదు, ముల్లు. కోడ్‌లో రెండు లైన్లు తగ్గించి మురిసిపోయే ముందు ఖర్చు ఎక్కడవుతోందో కొలవాలి అనే పాఠం ఇంతకన్నా సూటిగా ఎక్కడా దొరకదు.

ఇక అసలు సంగతి, సమయం ఎంత సరిగ్గా చూపిస్తుందనేది. ఇలాంటి క్రిస్టల్స్‌కి 20 పీపీఎం తేడా మామూలే. వినడానికి చిన్నదే కానీ రోజుకి 1.7 సెకన్లు, ఏడాదికి పది నిమిషాలు దాటుతుంది. దానికి తోడు ఎండ. 25 డిగ్రీల నుంచి ఎటు జరిగినా, జరిగిన డిగ్రీల వర్గాన్ని 0.034 తో గుణించినన్ని పీపీఎం నెమ్మదిస్తుంది. 40 డిగ్రీల గదిలో అది 7.65 పీపీఎం, నెలకి ఓ 20 సెకన్లు.

ఇక్కడ మనవాళ్ళు టక్కున అనేమాట: "ఇంకా మంచి క్రిస్టల్ కొనేస్తే పోలా?" అక్కర్లేదండీ. తేడా ఉండటం సమస్య కాదు, అది ఎంతో తెలియకపోవడం సమస్య. వారం పాటు ఎన్‌టీపీ సమయంతో పోల్చి చూడండి. రోజుకి 2 సెకన్లు ముందుకి పోతోందనుకుందాం. టైమర్ 128 ప్రీస్కేలర్‌తో సెకనుకి 256 అడుగులు వేస్తుంది కాబట్టి రోజుకి 512 అడుగులు ఎక్కువన్నమాట. అంటే దాదాపు 169 సెకన్లకోసారి టైమర్‌ని ఒక అడుగు వెనక్కి నెడితే చాలు. పంచాంగంలో అధికమాసం చేసేపని కూడా ఇలాంటిదే. చాంద్రమానం ఏడాదికి సుమారు 11 రోజులు వెనకబడుతుందని మనవాళ్ళు చంద్రుణ్ణి మార్చలేదు. లెక్క తేల్చుకుని, రెండున్నరేళ్ళు దాటాక ఒక నెల కలుపుకున్నారు. చిప్‌లో ఉండే ఉష్ణోగ్రత సెన్సర్‌ని కూడా కాలిబ్రేట్ చేసుకుని వాడితే ఎండ తేడానీ చాలావరకు సర్దుకోవచ్చు.

డీఎస్3231 చిప్ కొంటే ఈ తిప్పలేవీ ఉండవు కదా అంటారా? నిజమే. 0 నుంచి 40 డిగ్రీల దాకా 2 పీపీఎం లోపే ఉంటానని దాని డేటాషీటే చెబుతుంది. పదిమందికి అమ్మే వస్తువైతే నేనూ అదే వాడతాను. కానీ ఆ చిప్ లోపల జరిగేది కూడా ఇదే: ఉష్ణోగ్రత కొలవడం, తేడా దిద్దడం. మనం కొంటున్నది ఇంకెవరో చేసిపెట్టిన లెక్కని.

నా బాధల్లా ఏంటంటే, మన వృత్తిలో ఆ లెక్క చేసే అలవాటే పోతోంది. సర్వర్ నెమ్మదిస్తే ర్యామ్ పెంచుతాం, లాగుల్లో టైమ్ కలవకపోతే రీస్టార్ట్ కొడతాం. ఎందుకు నెమ్మదించిందో, ఎంత తేడా వచ్చిందో కొలిచేవాళ్ళు టీముకి ఒక్కరుంటే గొప్ప. ఒక ముక్క క్రిస్టల్, నాలుగు ఆదివారాలు, కొంచెం ఓపిక... ఇవి నేర్పేది ఏ ట్రైనింగులోనూ నేర్పరు. కచ్చితత్వం అంగట్లో దొరికే సరుకు కాదు. కొలిచి, దిద్దుకుంటే వచ్చేది.

మీరేమంటారు?