ఇంటి చేతిపని: వ్యానులో పడక

ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అని మా అవ్వ అంటా ఉండేది. మొదటి మాట నిజమే. రెండో మాట సగమే నిజం. అలిసిపోయిన మనిషికి ఎక్కడైనా నిద్ర పడుతుంది, కాదనను. పొద్దున లేచేటప్పుడు మాత్రం నడుముకు, మెడకు అన్నీ తెలుస్తాయి.

పోయిన సంవత్సరం మా వదినను వేలూరులో ఆసుపత్రిలో చేర్చినాము. రాత్రిపూట రోగి దగ్గర ఒక్కరే ఉండాల. లోపల మా అక్క ఉండింది. బయట మా అన్న. లాడ్జిలో గది తీసుకుంటే వారం రోజులకే మిల్లు జీతం అంతా అయిపోతుంది. అందుకని మా బామ్మర్ది తన ఓమ్నీ వ్యాను ఇచ్చినాడు. రాత్రి అందులో పడుకోవాల, తెల్లారేసరికి బండి అణైకట్టుకు రావాల. ఎందుకంటే పగలు అది బడి పిల్లలను దించే బండి. మా అన్న అదే బండిలో వచ్చి ఆరు గంటల షిఫ్టుకు పొయ్యేవాడు.

తొమ్మిదో రోజు పొద్దున రింగ్ ఫ్రేమ్ ముందర నిలబడి తూగినాడు. తెగిన దారం అతికేదానికి చెయ్యి పోనిచ్చి అట్లనే కన్ను మూసినాడు. పక్క ఫ్రేమ్ చూసే అక్క గట్టిగా అరిచి భుజం పట్టి లాగింది. ఏమీ కాలేదు. కానీ ఆ సాయంత్రం ఇంటికి వచ్చి ఆ మాట చెప్పేటప్పుడు ఆయన చెయ్యి ఇంకా వణకతానే ఉండింది. "నిద్రపోతున్నాను రా, కానీ నిద్ర పట్టినట్టు లేదు" అన్నాడు.

ఆ రాత్రి నేనూ పోయి ఆ వ్యానులో పడుకున్నాను. గంటకే అర్థమయింది. అందుకే ఈ నెల మిద్దె పని, కుళాయి పని పక్కన పెట్టి వ్యాను పడక గురించి రాస్తున్నాను. మన కాలనీల్లో ఓమ్నీ, ఈకో, టెంపో ఉన్న ఇళ్ళు తక్కువేం లేవు. తిరుపతికి పోయినా, గుడియాత్తంలో గంగమ్మ శిరసు తిరునాళ్ళకు పోయినా, ఆసుపత్రికి పోయినా ఏదో ఒక రాత్రి బండిలో పడుకోక తప్పదు.

తప్పు ఎక్కడుంది

రైల్లో సైడ్ లోయర్ బెర్తు మీద పడుకున్న వాళ్ళకు నేను చెప్పేది వెంటనే తెలుస్తుంది. రెండు సీట్ల వీపు పలకలు కిందికి వాల్చి కలిపితే బెర్తు అవుతుంది. చూసేదానికి పడకే. పడుకుంటే నడుము సరిగ్గా ఆ అతుకు మీదికే వస్తుంది. దానికోసమని రైల్వే వాళ్ళు కొన్ని పెట్టెల్లో పైన ఇంకొక పరుపు పలక జరిపి కప్పుకునే ఏర్పాటు చేసినారు.

కూర్చునే సీటును పడకగా మార్చే ఆలోచన పాతదే. జర్మనీలో వెస్ట్‌ఫాలియా కంపెనీ 1951లోనే ఫోక్స్‌వాగన్ వ్యానుల్లో ఇట్లాంటి ఏర్పాట్లు చేసింది. మన ఓమ్నీ 1984లో మారుతి వ్యాన్ అని వచ్చి 2019 దాకా తయారయింది. ఎనిమిది సీట్ల ఓమ్నీలో నడిమి సీటు వెనక్కి తిరిగి, వెనక సీటుకు ఎదురుగా ఉంటుంది. మధ్యలో కాళ్ళు పెట్టుకునే గుంత. ఆ గుంతను పూడిస్తే పడకే అనిపిస్తుంది. మా బామ్మర్దీ అట్లనే అనుకున్నాడు. గుంతలో బట్టల మూటలు కుక్కి, పైన దుప్పటి పరిచినాడు.

నేను పడుకుని చూస్తే తప్పులు మూడు కనిపించినాయి. ఒకటి, మూటలు అణిగిపోయి నడుము గుంతలోకి దిగింది. రెండు, సీటు కూర్చునేదానికి చేసింది, అందువల్ల ముందు అంచు ఎత్తుగా, వీపు వైపు పల్లంగా ఉంటుంది. తల పల్లంలోకి పోయి మెడ విరిగినట్టయింది. మూడు, దోమల భయానికి అద్దాలన్నీ ఎక్కించినందున లోపల ఉడికిపోయినాము.

దీనికి మా అన్న చేసిన వైద్యం ఏమంటే ఇంకొక మెత్తటి పరుపు తెచ్చి పైన వేసింది. మనమంతా చేసే పని అదే. గుంత మీద మెత్తటి పరుపు వేస్తే మెత్తటి గుంత అవుతుంది, అంతే. ముందు చదును కావాల. మెత్తన ఆ తర్వాత.

ముందు టేపు పట్టుకోండి

మా బండిలో రెండు వీపు పలకల మధ్య నాలుగున్నర అడుగులకు మించలేదు. అడ్డం వెడల్పు నాలుగడుగులకు కొంచెం తక్కువ. నిటారుగా పడుకుంటే పెద్దవాళ్ళెవరికీ చాలదు. మూల నుంచి మూలకు పడుకుంటే మా అన్న పొడుగు మనిషికి, అంటే ఐదడుగుల ఐదంగుళాలకు, సరిపోయింది. కాబట్టి అది పెద్దవాళ్ళకు ఒక్కరి పడక. పిల్లలైతే ఇద్దరు. ముగ్గురు పడుకుంటామని పందెం వేసుకుంటే ముగ్గురికీ నిద్ర ఉండదు. మీ బండి కొలత వేరే కావచ్చు. కొలవకుండా పలక కోయించొద్దు.

పలక

పన్నెండు మిల్లీమీటర్ల ప్లైవుడ్ తీసుకున్నాము. ఒకే పలకగా కాకుండా రెండు ముక్కలుగా కోయించినాము. అప్పుడు ఒక ఆడమనిషి అయినా ఒంటి చేత్తో ఎత్తి పెట్టగలదు. పలక కింద రెండు వైపులా రీపర్ కొట్టి, వాటికి కాళ్ళు బిగించినాము. కాళ్ళు బండి నేల మీద ఆనాల. పలకను సీటు అంచుల మీద ఆనిస్తే మనిషి బరువుకు సీటు అణిగి పలక జారిపోతుంది.

మొదటిసారి ఒక తప్పు చేసినాము. పలక ఎత్తును సరిగ్గా సీటు ఎత్తుకే పెట్టినాము. చేత్తో తడిమితే చదునుగానే ఉంది. పడుకుంటే సీటు అణుగుతుంది, పలక అణగదు. పలక గట్టు మాదిరిగా లేచి తుంటికి గుచ్చుకుంది. రెండోసారి కాళ్ళు కోసి పలకను మూడంగుళాలు కిందికి దించినాము. దాని మీద మూడంగుళాల ఫోమ్ ముక్క వేసినాము. ఇప్పుడు పడుకుంటే సీటూ, ఫోమూ ఇంచుమించు ఒకటిగానే దిగుతాయి. ఈ పనిలో నేను నేర్చుకున్నది ఇదే. చదును చూడాల్సింది ఖాళీ పడక మీద కాదు, మనిషి పడుకున్న తర్వాత.

పలక అంచులు గరుకు కాగితంతో బాగా రుద్దండి. పలకకు అక్కడక్కడ వేలు దూరేంత రంధ్రాలు వేయించండి. రాత్రంతా మనిషి చెమట, ఊపిరి తేమ పరుపులోకి దిగుతుంది. కింద గాలి ఆడకపోతే నాలుగు రోజులకే ముక్కిపోయిన వాసన వస్తుంది.

పల్లం పూడ్చడం, పైన పరుపు

సీటు వెనక పల్లానికి దుప్పటిని మడతలు పెట్టి ఆప్పు మాదిరిగా చేసినాము. వీపు వైపు మూడు మడతలు, ముందుకు వచ్చేసరికి ఒక మడత. జరగకుండా నాలుగు కుట్లు వేస్తే చాలు.

పైన మొత్తానికి ఒకే పరుపు వెయ్యాల. మూడు ముక్కలు మూడు పరుపులైతే రాత్రికి మూడు దిక్కులకు పోతాయి. మేము రెండంగుళాల ఫోమ్ వేసి, దాని మీద మా అవ్వ కుట్టిన పాత నూలు చీరల బొంత పరిచినాము. చెమట పీల్చేదానికి బొంతను మించింది లేదు. రెక్సిన్ సీటు మీద నేరుగా పడుకుంటే వీపు అతుక్కుంటుంది.

పరుపుల అంగడిలో 32, 40 అని అంకెలు చెబుతారు. అది ఫోమ్ సాంద్రత, ఘనపు మీటరుకు ఇన్ని కిలోలని. అంకె పెరిగితే ఎక్కువ కాలం అణగకుండా ఉంటుంది. గట్టిదనం అనేది వేరే. దానికి అంకె అడగొద్దు, మోకాలు ఆనించి చూడండి. ఫోమ్‌ను అంగడి నేల మీద వేయించి ఒక మోకాలి మీద బరువు పెట్టండి. కింద నేల తగిలితే ఆ ఫోమ్ తుంటినీ భుజాన్నీ మొయ్యదు. బూరుగు దూది పరుపు ఇంట్లో ఉంటే అదీ మంచిదే. కానీ దాన్ని మడత పెడితే దూది ఒక పక్కకు చేరుతుంది. పొద్దున దులిపి ఎండ చూపించాల.

వెల్లకిలా పడుకునే వాళ్ళు మోకాళ్ళ కింద చుట్టిన తువ్వాలు పెట్టుకోండి. పక్కకు తిరిగి పడుకునే వాళ్ళు మోకాళ్ళ మధ్య పెట్టుకోండి. నడుము నొప్పి ఉన్నవాళ్ళకు తేడా ఒక్క రాత్రిలో తెలుస్తుంది.

బండి నిలిపే తీరు

పడక చదునుగా ఉండి బండి ఏటవాలుగా ఉంటే లాభం లేదు. నీళ్ళ సీసాను పలక మీద అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి పడుకోబెట్టి చూడండి. దొర్లితే బండిని కొంచెం జరపండి. ఎంత జరిపినా ఏటవాలు పోకపోతే తల ఎత్తు వైపు పెట్టుకోండి. హ్యాండ్‌బ్రేక్ వేసి, చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టండి.

గాలి

ఈ ముక్క మాత్రం అందరూ చదవండి. 2024 డిసెంబరులో కేరళలోని వడకరలో రోడ్డు పక్కన నిలిపిన క్యారవాన్‌లో పడుకున్న ఇద్దరు చనిపోయినారు. జనరేటర్ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరిందని పరిశోధనలో తేలింది. ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. దగ్గు రాదు, మెలకువ రాదు. కాబట్టి ఇంజన్ నడుపుతా ఏసీ వేసుకుని నిద్రపోవద్దు. బండి లోపల స్టవ్ వెలిగించొద్దు, కుంపటి వద్దు, దోమల చక్రం కూడా వద్దు. ఇంజన్ ఆపి, రెండు వైపులా అద్దాలు నాలుగు వేళ్ళ మందం తెరిచి ఉంచండి. ఒక వైపే తెరిస్తే గాలి ఆడదు.

దోమలకు పాత దోమతెరను కిటికీ కొలతకు కోసి, అంచులకు వెల్‌క్రో కుట్టించి లోపలి నుంచి అతికించినాము. మన వేలూరు ఎండలకు రేకు బండి సాయంత్రం ఏడు దాకా వేడి కక్కుతుంది. పడుకునే ముందు అరగంట తలుపులన్నీ తెరిచి పెట్టండి.

ఇంకో రెండు జాగ్రత్తలు

బండి నడిచేటప్పుడు పడక మీద ఎవరూ పడుకోకూడదు, పిల్లలైనా సరే. గట్టిగా బ్రేకు వేస్తే మనిషి ముందుకు ఎగిరిపోతాడు. పలకలు కూడా తాడుతో కట్టి పెట్టండి.

రెండోది, సీట్లు పీకేసి పడకను బోల్టులతో శాశ్వతంగా బిగించొద్దు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం బండి రూపం ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు. మాది రాత్రి పెట్టి పొద్దున తీసే సామాను. పలకలు, ఫోమ్, బొంత తీసి బండి వెనక కట్టేదానికి పది నిమిషాలు పడుతుంది. బడి పిల్లలు ఎక్కేసరికి సీట్లు సీట్లుగానే ఉంటాయి.

మిగిలిన ప్లైవుడ్ ముక్కలు వడ్రంగి దగ్గర తక్కువకు దొరికినాయి. ఫోమ్ ఖర్చే ఎక్కువ. అంతా కలిపినా లాడ్జి గదికి నాలుగు రాత్రులు పెట్టే డబ్బు కాలేదు. ఆ తర్వాత మా అన్న ఇంకో పదహారు రాత్రులు ఆ పడక మీదే పడుకున్నాడు. మళ్ళీ ఫ్రేమ్ ముందర తూగలేదు.

వదినను ఇంటికి తెచ్చేటప్పుడు పళ్ళికొండలో రంగనాథుడికి మొక్కు ఉందని ఆపమంది. పాలారు ఒడ్డున గుడి దగ్గర దిగి దర్శనం చేసుకుని వచ్చేసరికి ఆమెకు ఓపిక లేదు. చెట్టు నీడన బండి నిలిపి పలకలు వేసినాము. ముక్కాలు గంట పడుకుంది. లేచి, "లోపల దేవుడూ పడుకునే ఉన్నాడు, ఇక్కడ నేనూ పడుకున్నాను. ఇన్నాళ్ళు మీ అన్న పడుకున్నది దీని మీదేనా? ఆసుపత్రి మంచం కంటే ఇదే నయం" అని నవ్వింది. తర్వాత ఆమెను లేపి సీట్లో కూర్చోబెట్టి, బెల్టు పెట్టి, నిదానంగా ఇంటికి తెచ్చినాము.

పలకలు ఇప్పుడు మా ఇంట్లో మంచం కింద ఉన్నాయి. మన లైన్లలో ఎవరికైనా ఆసుపత్రి అవసరం పడితే వచ్చి తీసుకుపోండి. మీ బండికి కొలత సరిపోకపోతే టేపుతో రండి, కూర్చుని చూద్దాము. వచ్చే నెల రాత్రి షిఫ్టు వాళ్ళు పగలు పడుకునే గదిలో ఎండ, చప్పుడు తగ్గించే పని రాస్తాను. మీ ఇంట్లో చేసుకున్న ఉపాయాలుంటే ముందుగానే చెప్పండి.