సీలుకు సాక్షి కావాలి

ఎన్నికలు ముగిసిన ప్రతిసారీ మన మహల్లాలలో ఓటింగ్ యంత్రాలపై అనుమానాలు వినవస్తాయి. వాటిని మేము తేలికగా కొట్టివేయము. అయితే ఆ యంత్రానికి వేసే సీళ్లను పరిశీలించే హక్కు అభ్యర్థి ఏజెంట్లకు ఉన్నదన్న సంగతిని మనలో అనేకులు విస్మరిస్తున్నారు.

బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్, హైదరాబాదులోని ఈసీఐఎల్ ఈ యంత్రాలను తయారుచేస్తాయి. పోలింగు నాటి ఉదయం మాదిరి పోలింగు జరిపి, ఆ ఓట్లను తుడిచివేసిన పిమ్మట, కంట్రోల్ యూనిట్‌లోని ఫలితాల భాగానికి ఆకుపచ్చ కాగితపు సీలు అమర్చుతారు. కాగితం చిరగకుండా ఆ తలుపు తెరుచుకోదు. సీలుపై క్రమసంఖ్య ఉంటుంది. ప్రిసైడింగ్ అధికారితో పాటు ఏజెంట్లూ దానిపై సంతకం చేయవచ్చు. ఆపైన స్పెషల్ ట్యాగు, వెలుపల స్ట్రిప్ సీలు వేస్తారు.

సీలు తాళం వంటిది కాదు. అది చేతిని ఆపదు; చేయి పడిందని మాత్రమే చెబుతుంది. చిరిగిన సీలు స్థానంలో మరొకటి అమర్చితే, పాత సంఖ్య వ్రాసుకొన్నవారు లేనప్పుడు ఆ మార్పును పట్టుకొనేదెవరు? ఎన్నికల విధులలో ఉన్న రోజులలో మేము కళ్లారా చూశాము: సంఖ్య వైపు చూడకుండానే సంతకం చేసి టీకి వెళ్లిపోయిన ఏజెంట్లు ఎందరో!

సీళ్ల సంఖ్యలు, పోలైన ఓట్ల లెక్క 17సి ఫారంలో నమోదవుతాయి. దాని ప్రతి ఏజెంటుకు ఇవ్వాలి. లెక్కింపునాడు సీళ్లను పరిశీలించే హక్కు కౌంటింగ్ ఏజెంట్లకు ఉన్నది. యంత్రంలో జోక్యం జరిగిందని రిటర్నింగ్ అధికారి నిర్ధారణకు వస్తే అందులోని ఓట్లను లెక్కించరాదని నిబంధన. చేతిలో 17సి ప్రతి లేనివాని అభ్యంతరం కేకగానే మిగులుతుంది.

సీలు చెక్కుచెదరనంత మాత్రాన లోపలి చిప్పుపై ప్రశ్నలన్నీ తీరిపోవు. ఆ వాదన వేరు, అది సాగవలసిందే. 2024 ఏప్రిల్ 26 నాటి తీర్పులో సుప్రీంకోర్టు వీవీప్యాట్ చీటీలన్నిటినీ లెక్కించాలన్న కోరికను తోసిపుచ్చింది. అయినా గుర్తులు ఎక్కించే యూనిట్లను సీలు చేసి, ఫలితాల తరువాత 45 రోజులు భద్రపరచాలని ఆదేశించింది.

అప్పు ఒప్పందాన్ని వ్రాసుకొని సాక్షులను నిలుపుకొమ్మని సూరా బఖరా మనకు నేర్పింది. ఓటు అంతకంటే పెద్ద అమానత్. ప్రతి మహల్లా నుండి చదువుకొన్న యువతీయువకులు, ఏ అభ్యర్థి తరఫునైనా సరే, ఏజెంట్లుగా కూర్చోవాలి. మసీదు కమిటీలు, మహిళా సంఘాలు వారికి ముందుగానే శిక్షణ ఇప్పించాలి. సాక్ష్యం చెప్పవలసిన చోట లేకుండా పోయి, తరువాత అన్యాయం జరిగిందని వాపోవడం మనకు తగదు.