అద్దాల బీరువాలో ఎడ్లబండి, చెత్తబుట్టలో లారీ

కౌలాలంపూరు కానీండి, ఈపో కానీండి, మా తెలుక్ ఇంటాన్ కానీండి, మన ఇళ్ళలో ముందుగదిలో ఒక అద్దాల బీరువా తప్పకుండా వుంటుంది. అందులో కొండపల్లి ఎడ్లబండి వుంటుంది. విజయవాడ వెళ్ళొచ్చినప్పుడు కొన్నది. విమానంలో ఒక ఎద్దు కొమ్ము విరిగినా పారెయ్యకుండా దాచుకున్నది. ఇంటికొచ్చిన వాళ్ళకు దాన్ని చూపించి "మన కళ, మన సంస్కృతి" అంటాం. అదే ఇంట్లో లోపలి గదిలో పధ్నాలుగేళ్ళ కుర్రాడు బల్ల మీద పాత పత్రిక పరుచుకుని ప్లాస్టిక్ లారీ ఒకటి కట్టుకుంటూ వుంటాడు. పరీక్షలు దగ్గరికి వచ్చేసరికి ఆ లారీ అట్టపెట్టెతో సహా అటక మీదికో, చెత్తబుట్టలోకో పోతుంది.

రెండూ బండ్లే గదా! ఒకటి సంస్కృతి, రెండోది చెత్త ఎట్లా అయింది? పెద్దలు ఎవరైనా జవాబు చెప్తారని చాలాకాలం చూశాం. చెప్పలేదు గనక మాకు తోచింది మేమే చెప్తున్నాం. కొందరికి కోపం రావచ్చు. రానివ్వండి.

ఈ మోడల్ కారు వ్యవహారం తెలియని అమ్మలకూ అయ్యలకూ ముందుగా నాలుగు మాటలు. దుకాణంలో తయారుగా దొరికే చిన్న ఇనప కారు వేరు, ఇది వేరు. ఆ ఇనప కార్ల సంగతి కూడా సరదాగా వుంటుంది లెండి. హాట్ వీల్స్ అని మనం కొనేవి తయారుచేసే మాటెల్ కంపెనీ కర్మాగారం 1981 లో మన పక్కనే, పినాంగ్ ప్రాయిలో మొదలైంది. అమెరికా బొమ్మ అనుకుని మురిసిపోతూ మలేషియా చేతులు చేసినది కొంటాం. మోడల్ కిట్ అలా తయారుగా రాదు. పెట్టె తెరిస్తే ప్లాస్టిక్ చట్రాలకు అంటుకున్న ముక్కలు మాత్రమే వుంటాయి, లారీ అయితే వంద దాటి. ఒక్కొక్కటి కత్తిరించాలి, ఉప్పు కాగితంతో రుద్దాలి, జిగురుతో అతకాలి, సందులు పుట్టీతో పూడ్చాలి, రంగులు వెయ్యాలి. సామాన్యంగా ఇవి అసలు బండిలో ఇరవైనాలుగో వంతు వుంటాయి. అంటే అడుగుకు అర అంగుళం లెక్క. పదిహేనడుగుల కారు ఏడున్నర అంగుళాలకు వస్తుంది. తలుపు పిడి బియ్యపుగింజంత కూడా వుండదు. దానికి వెండిరంగు వెయ్యాలంటే ఊపిరి బిగబట్టాలి.

ఇప్పుడు కొండపల్లికి వెళ్దాం. అక్కడి కళాకారులు తెల్లపొణికి కర్రతో ముక్కలు విడివిడిగా చెక్కుతారు. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో వాటిని అతుకుతారు, సందులు పూడుస్తారు, నునుపు చేస్తారు, రంగు వేస్తారు. మన కుర్రాడి బల్ల మీద జరుగుతున్నది వరసగా ఇదే. కర్ర బదులు ప్లాస్టిక్, మక్కు బదులు పుట్టీ. నక్కపల్లి దగ్గర ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణి పట్టి, తిరుగుతున్న బొమ్మకు లక్క అద్దుతారు. ఇవాళ మోడల్ కట్టేవాళ్ళు లాకర్ రంగు అంటున్నారే, ఆ మాటకు మూలం మన లక్కే. కొండపల్లి వాళ్ళు బండి చెయ్యడానికి కారణం వాళ్ళ వీధిలో తిరిగినది బండి కావడమే. కల్లు గీసేవాణ్ణి చేశారు, కుమ్మరిని చేశారు, నీళ్ళు మోసే ఆవిణ్ణి చేశారు. కళ్ళ ముందున్న బతుకును చిన్నది చేసి చేతిలో పెట్టారు. కుర్రాడి కళ్ళ ముందు తిరుగుతున్నది లారీ.

దీనికి వచ్చే జవాబు మాకు తెలుసు. "డాక్టరుగారూ, మీరైనా చెప్పండి వాడికి, మీ మాట వింటాడు. ఎస్పీఎం పెట్టుకుని బొమ్మలేమిటి?" అని తండ్రులు మమ్మల్ని అడుగుతూనే వుంటారు. ఇంకొందరు, మా మీద దయతో కాబోలు, వాళ్ళే సమర్థన కూడా వెతికిపెడతారు. "పోనీ, చేతివాటం వస్తే రేపు మంచి సర్జన్ అవుతాడేమో లెండి!"

ఈ రెండో మాట మాకు మొదటిదానికంటే ప్రమాదకరంగా కనిపిస్తుంది. వైద్యవృత్తిలో వున్నాం గనక నిజం చెప్పాలి. లండన్ ఇంపీరియల్ కాలేజీలో ఆచార్యుడు రోజర్ నీబోన్ 2018 లో, విద్యార్థులు తెరల ముందు పెరిగి కుట్లు వేసే చేతి నేర్పు పోగొట్టుకుంటున్నారని బహిరంగంగా హెచ్చరించిన మాట నిజమే. కానీ 2007 లో న్యూయార్క్‌లో రోసర్ బృందం 33 మంది సర్జన్లను పరీక్షించి, ఒకప్పుడు వారానికి మూడు గంటలకు మించి వీడియో ఆటలు ఆడినవాళ్ళు లాపరోస్కోపీ అభ్యాసంలో 37 శాతం తక్కువ తప్పులు చేశారని రాసింది. ఆ లెక్కనే పోతే కుర్రాడి చేతిలో లారీ లాక్కుని వీడియో ఆట పెట్టాలి! మార్కులకో, సీటుకో పనికివస్తేనే పిల్లవాడు ఒక పని చెయ్యాలనే ఈ బేరం మాకు వద్దు. లారీ కట్టినందువల్ల వాడు డాక్టరవుతాడని మేము హామీ ఇవ్వం. వాడు లారీ కడతాడు, అంతే.

అసలు కారణం మార్కులు కాదని మా అనుమానం. కుర్రాడు అదే గంట టెలివిజన్ ముందు కూర్చుంటే మనం ఇంత బాధపడం. గోళ్ళలో రంగు, వేళ్ళకు జిగురు, బల్ల మీద ప్లాస్టిక్ పొట్టు చూస్తేనే మనకు ఒళ్ళు మండుతుంది. "మెకానిక్కువవుతావా?" అంటాం. ఆ ప్రశ్నలో మెకానిక్కును ఎంత తేలిగ్గా తిట్టేశామో గమనించం. రాత్రి రోడ్డు మీద కారు ఆగిపోతే మనం వెతుక్కునేది ఆయన్నే.

మనం పట్టాలు పుచ్చుకుని విమానంలో దిగినవాళ్ళం. మనకంటే ముందు ఈ దేశానికి ఓడల్లో వచ్చిన తెలుగువాళ్ళ దగ్గర చేతులు తప్ప ఏమీ లేవు. విశాఖ, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి దిగువ పెరాక్ తోటల్లో, బాగన్ దాతో కొబ్బరి తోటల్లో, రబ్బరు తోటల్లో పనిచేశారు. 1955 లో ఆంధ్ర సంఘం అని పెట్టుకున్నదీ, ఇవాళ మనం ఉగాది జరుపుకునే వేదిక నిలబెట్టినదీ ఆ తరాలే. వాళ్ళ పిల్లలూ మనవలూ చదువుకుని పైకి వచ్చారు. రబ్బరు గీసిన తాతను తలుచుకుని, మనవడి చెయ్యి మళ్ళీ మురికి కాకూడదని ఒక తోట కుటుంబం అనుకుంటే ఆ భయం మాకు అర్థమవుతుంది, గౌరవిస్తాం. మరి మనకేం భయం? మన తాత చెయ్యి ఎప్పుడూ మురికి కాలేదని కదూ మనం దాచిపెట్టి గర్వపడేది! ఓడలోనూ విమానంలోనూ మనతోపాటు దిగుమతి అయిన సరుకుల్లో ఇదొకటి. పని చేసే చెయ్యి వేరేవాళ్ళది, చేసిన వస్తువు మన బీరువాది.

అమెరికా అంటే మనకు గురి ఎక్కువ గనక అక్కడి ముచ్చట ఒకటి చెప్తాం. జనరల్ మోటార్స్‌లో కార్లకు ఒళ్ళు తయారుచేసిన విభాగం ఫిషర్ బాడీ. దాన్ని పెట్టిన అన్నదమ్ములది ఒహాయోలో గుర్రబ్బండ్లు చేసే కుటుంబం. వాళ్ళు 1930 లో కుర్రాళ్ళకు క్రాఫ్ట్స్‌మన్స్ గిల్డ్ అని ఒక పోటీ పెట్టారు. మొదట ఇచ్చిన పని కారు కాదు, నెపోలియన్ కాలపు గుర్రబ్బండి నమూనా. చక్రాలు, తలుపులు, లోపలి మెత్తలతో సహా అన్నీ చేత్తో చెయ్యాలి. తరవాత కుర్రాళ్ళు సొంతంగా ఊహించిన కారు నమూనాలు వచ్చాయి. గెలిచినవాళ్ళకు కాలేజీ చదువుకు వేల డాలర్ల విద్యార్థివేతనాలు ఇచ్చారు. 1947 లో గెలిచిన చక్ జోర్డన్ 1986 లో ఆ జనరల్ మోటార్స్‌కే డిజైన్ విభాగాధిపతి అయ్యాడు. 1968 దాకా ఆ పోటీ నడిచింది. ఆడపిల్లలను మాత్రం రానివ్వలేదు. ఆ బుద్ధితక్కువ పని మనం చెయ్యనక్కరలేదు. గుర్రబ్బండి చేసే చేతికీ కారు గీసే చేతికీ మధ్య గోడ లేదని ఆ అన్నదమ్ములకు తెలుసు. మనం ఆ గోడను బీరువా అద్దంతో కట్టాం.

జపానులో తమియా కంపెనీ కథా ఇలాంటిదే. 1946 లో షిజువొకాలో కలప వ్యాపారంగా మొదలై, చెక్క నమూనాల మీదుగా 1960 లో ప్లాస్టిక్ కిట్లకు వచ్చింది. 1976 నాటి పోర్షె నమూనా కోసం వాళ్ళు నిజం పోర్షె కారు ఒకటి కొని ఏ ముక్కకా ముక్క విప్పేసి చూశారు. బొమ్మ కోసమండీ!

"ఇందులో తెలుగుదనం ఏముంది?" అని సాహిత్యాభిమానులు అడగవచ్చు. వాళ్ళకు మా ఎదురుప్రశ్న: మన ఆదివారం తెలుగు తరగతిలో పిల్లలకు నేర్పేవి ఏ మాటలు? పళ్ళు, పువ్వులు, రంగులు, చుట్టరికాలు, దేవుళ్ళు. ఇరుసు అంటే ఏమిటో ఏ పిల్లకైనా తెలుసా? చక్రానికి ఆకులుంటాయని, నొగ వేరు కాడి వేరని, ఇరుసు నుంచి చక్రం ఊడకుండా వుండేది సీల అని? పిల్లల సంగతి సరే, బీరువాలో బండి పెట్టుకున్న మనలో ఎంతమందిమి దాని భాగాల పేర్లు చెప్పగలం? కిట్‌తో వచ్చే కాగితం జపానులోనో ఇంగ్లీషులోనో వుంటుంది. అమ్మ పక్కన కూర్చుని "ముందు ఇరుసు బిగించు, తరవాత చక్రం ఎక్కించు, సందు పూడ్చు, నునుపు చెయ్యి, ఆరనివ్వు" అంటే అరగంటలో వాడి నోట ఇరవై తెలుగు క్రియలు పడతాయి. ప్రార్థనకూ పులుసుకూ మాత్రమే పనికివచ్చే భాషను పిల్లలు ఎన్నాళ్ళు మోస్తారు? ఇంగ్లీషునుంచి వచ్చిన మాటే అయినా లారీ అన్నది మనకూ మలయా వాళ్ళకూ ఒకటే. వాళ్ళు లోరీ అంటారు, అంతే తేడా.

కుర్రాళ్ళను కూడా వదలం. వాళ్ళ అలమారాల్లో ఏమున్నాయి? ఫెరారీ, లంబోర్గినీ, మళ్ళీ ఫెరారీ. ఎర్రగా, అద్దంలా, ఒక్క దుమ్ము చుక్క లేకుండా. నాయనలారా, తెలుక్ ఇంటాన్ వీధుల్లో లంబోర్గినీని ఎన్నిసార్లు చూశారు? 1885 నాటి మన వాలిన గడియారపు బురుజు ముందు నిలబడి వచ్చేపోయే బండ్లను ఒక గంట చూడండి. తోటల నుంచి పామాయిల్ గెలలు మోసే లారీలు కనబడతాయి. గెలల మీద వల, మడ్‌గార్డు కింద ఎండిన ఎర్రమట్టి, తొట్టి అంచున తుప్పు, తలుపు మీద చేత్తో రాసిన బి.డి.ఎమ్., బి.టి.ఎమ్. అంకెలు. సరుకుతో బరువెంత, సరుకు లేకుండా బరువెంత అని. ఆ లారీ కిట్‌గా పెట్టెలో దొరకదు. ఏదో జపాను లారీ కిట్ తెచ్చుకుని, తొట్టి మటుకు ప్లాస్టిక్ రేకు కొలిచి కోసి మీరే కట్టుకోవాలి. తుప్పు ఎక్కడ మొదలవుతుందో, నీళ్ళు ఎటు కారి మరక కడతాయో చూసి రంగు వెయ్యాలి. ఆ గెల ఎవరు కోశారో, ఎవరు ఎత్తి లారీలో వేశారో కూడా అప్పుడు అడగాలనిపిస్తుంది. లంబోర్గినీ ఆ ప్రశ్న అడగనివ్వదు.

తల్లుల అభ్యంతరాల్లో ఒకటి మాత్రం నూటికి నూరుపాళ్ళు న్యాయమైనది. వాసన. దీనికి డాక్టరుగా సమాధానం చెప్తాం. ప్లాస్టిక్ జిగురు అంటించడం కంటే కరిగించడమే చేస్తుంది. అందులోని ద్రావకం, లాకర్ థిన్నర్ ఆవిరి తల తిప్పుతాయి, ఎక్కువయితే మెదడుకూ కాలేయానికీ మంచివి కావు. ఏసీ వేసి తలుపులు బిగించిన పడకగదిలో స్ప్రే చెయ్యనివ్వకండి. కిటికీ తెరిచి ఫ్యాను బయటికి లాగేటట్టు పెట్టండి. గుడ్డ మాస్కు ఆవిరిని ఆపదు, ఆవిరిని పీల్చుకునే గుళికలున్న మాస్కు కావాలి. పుట్టీని తడిపి రుద్దితే దుమ్ము లేవదు. పన్నెండేళ్ళ లోపు పిల్లలకు నీళ్ళలో కలిసే ఆక్రిలిక్ రంగు, కుంచె చాలు. ఏటికొప్పాకలో కూడా రసాయనాల రంగులు వచ్చిపడ్డాక మళ్ళీ ఆకులూ గింజలూ బెరళ్ళ రంగులకు మళ్ళించిన సి.వి. రాజుగారికి 2023 లో పద్మశ్రీ ఇచ్చారు. ఇంకొక సంగతి, మన ఊరి మధ్యాహ్నపు వానవేళ లాకర్ కొట్టకండి. ద్రావకం ఆరుతూ పైభాగాన్ని చల్లబరుస్తుంది, గాలిలో తేమ దాని మీద దిగి రంగు తెల్లబారుతుంది. కుర్రాడు తన చేతకానితనమనుకుని ఏడుస్తాడు. తప్పు వానది.

కార్యవర్గానికి మా మనవి. మన పిల్లల పోటీల జాబితాలో పద్యం, పాట, నృత్యం, వక్తృత్వం వున్నాయి. చేత్తో చేసిన వస్తువు ఒక్కటీ లేదు. రాబోయే సంక్రాంతి బొమ్మల కొలువులో కింది మెట్టు ఒకటి పిల్లలు కట్టిన బండ్లకు ఇవ్వండి. కొండపల్లి ఎడ్లబండిని బీరువాలోంచి తీసి ఆ మెట్టు మీదే, లారీ పక్కనే పెట్టండి. ఒక్కొక్క బండి ముందు దాని భాగాల పేర్లు తెలుగులో రాసిన చీటీ వుండాలి. రాసింది పిల్లలై వుండాలి, తల్లిదండ్రులు కాకూడదు. ఆడపిల్లలూ మగపిల్లలూ ఎవరైనా తేవచ్చు. బహుమతులు వద్దు. అర గజానికి మించిన లారీలు తేవద్దు, మెట్టు పట్టదు. రంగు పూర్తిగా ఆరాకే తీసుకురండి. పచ్చిరంగు వాసన పక్కబల్ల మీది పులిహోరకు పడుతుంది.