ఓర్చుకో అనే మందు

మా బాన్సువాడలో పక్కింటి పిల్ల మొన్న పొత్తికడుపు పట్టుకుని గడప మీద కూలబడింది. ఇంటర్ చదువుతోంది. నెలనెలా వచ్చే బాధే. వాకిట్లోంచి వాళ్ళ నాయనమ్మ కేకేసింది: "గింత నొప్పికే పండుకుంటే ఎట్ల బిడ్డా? మేం ఆ దినాలల్ల నాట్లెయ్యలేదా? జర ఓర్సుకో!"

నాకు ఒళ్ళు మండింది. ఆ పిల్ల తమ్ముడు క్రికెట్‌లో కాలు బెణికించుకున్న రోజున అయిదు నిమిషాల్లో ఆటో వచ్చింది మరి!

ఈ నొప్పి నాటకం కాదమ్మా. నెల చివర హార్మోన్లు పడిపోగానే గర్భసంచి లోపలి పొరలో ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాలు పుట్టి, దాన్ని గుడ్డ పిండినట్టు పిండుతాయి. అవి ఎక్కువగా పుట్టినవాళ్ళకి నొప్పీ ఎక్కువే. అందుచేత నాయనమ్మ నొప్పీ, మనవరాలి నొప్పీ ఒకటే కానక్కర్లేదు. ఈ ప్రోస్టాగ్లాండిన్ల మీద పరిశోధనకి 1982లో ముగ్గురికి నోబెల్ బహుమతి ఇచ్చారు. నోబెల్ దాకా వెళ్ళిన నొప్పికి మన ఇళ్ళల్లో ఓ మాత్ర దొరకదు!

సరే, హార్మోన్ల సంగతి అలా ఉంచండి. ఎదుట ఎవరున్నారన్నదాన్ని బట్టి కూడా నొప్పి మాట మారుతుంది. 1991లో అచ్చయిన ఓ అమెరికా ప్రయోగంలో చల్లటి నీళ్ళలో చేతులు పెట్టించి, నొప్పి ఎంతో చెప్పమన్నారు. అడిగేది ఆడమనిషైతే మగవాళ్ళు నొప్పి తగ్గించి చెప్పారట! "మగాడివై ఏడుస్తావా" అని వాళ్ళకి నేర్పాం. "భూదేవంత ఓర్పుండాలి" అని మనకి నేర్పారు. తేడా ఏమిటంటే, వాళ్ళ బింకం కాసేపటిది, మన ఓర్పు జన్మంతా.

ఇరవై ఏళ్ళు ఓర్చుకున్నాక ఏమవుతుంది? "పిల్లలు పుట్టారుగా, ఇంకెందుకు? గర్భసంచి తీయించెయ్" అంటారు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క చూడండి. 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో ఆ ఆపరేషన్ అయినవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురైతే, తెలంగాణలో దాదాపు 8 మంది, ఆంధ్రప్రదేశ్‌లో 9 మంది! అవసరమైనవాళ్ళకి అది ప్రాణం నిలిపే ఆపరేషనే, కాదనను. కాని అండాశయాలు కూడా పోతే ఈస్ట్రోజన్ ఒక్కసారిగా పడిపోతుంది. ఒంట్లో ఆవిర్లు, ఎముకలు గుల్లబారడం మొదలవుతాయి. అయితే ఓర్చుకో, లేకపోతే కోయించుకో! ఈ రెంటి మధ్య, కూర్చోబెట్టి అడిగి, కారణం వెతికి, వైద్యం చేసే దారి ఒకటుందని ఎవరూ చెప్పరేం?

మనిషి నొప్పి అని చెబితే ఆ మాటను గౌరవించాలని అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 2020లో తన నిర్వచనంతోపాటే రాసిపెట్టింది. అంత పెద్ద సంఘానికి తెలిసిన మర్యాద మన వంటింటి దాకా రావడానికి ఇంకెన్నేళ్ళు పడుతుంది?

ఆ సాయంత్రం పిల్లని డాక్టరమ్మ దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. నాయనమ్మ కూడా వెంట వచ్చింది. తిరుగుదారిలో మెల్లగా అంది: "నాకు గూడ గట్లనే ఉండె బిడ్డా. ఎవ్వలు అడగలే."

ఆవిడ మీద నా కోపం అక్కడితో పోయింది. ఆవిడకు దొరికిన మందే మనవరాలికీ ఇచ్చింది, పాపం. ఓర్పు ఆడదానికి నగ అంటారు కదా? ఆ నగని ఇక బీరువాలో పెట్టి తాళం వేద్దాం. ఇంట్లో పిల్ల నొప్పి అంటే ముందు "ఎక్కడమ్మా? ఎన్నాళ్ళ నుంచి?" అని అడుగుదాం.