రిపోర్టు నార్మల్, మరి మనిషి?

తెలుగులో ఒళ్ళు డస్సిపోవడాన్ని చెప్పడానికి ఎన్ని మాటలున్నాయో చూడండి. పని చేసినవారికి అలసట. దూరం నడిచి వచ్చినవారికి బడలిక. పస్తులున్నవారికి నిస్త్రాణ. కనురెప్పలు బరువెక్కి, బుద్ధి మొద్దుబారితే మగత. ఏ కారణమూ కనిపించకుండా ఒంట్లోని సారమంతా ఇంకిపోతే నీరసం. నిః + రసం = నీరసం అని విసర్గ సంధి పాఠంలో ముప్పై ఏళ్ళు పిల్లలకు చెప్పినదాన్ని. ఇన్ని మాటలున్న భాష మనది. అయినా డాక్టరుగారి ఎదుట స్టూలు మీద కూర్చోగానే అందరి నోటా ఒక్క మాటే వస్తుంది: "నీరసంగా ఉందండీ." మా చంపాపేటలో ఉర్దూ మాట్లాడే ఇరుగుపొరుగువారికి అదే "కమ్జోరీ". ఉదయం నుంచి ఆ మాటే వింటున్న వైద్యునికి అందులో కొత్తగా వినపడేదేమీ ఉండదు. ఆయన చూపు రిపోర్టు మీదికి పోతుంది. "నార్మల్‌గానే ఉందమ్మా" అంటారు. సంభాషణ అక్కడితో ముగుస్తుంది.

అవటు గ్రంథి, అంటే థైరాయిడ్, మందగించినవారందరికీ ఇది అనుభవమే. వీరి సంఖ్య తక్కువేమీ కాదు. హైదరాబాదుతో సహా ఎనిమిది నగరాలలో 5,360 మంది పెద్దలను పరీక్షించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో నూటికి దాదాపు 11 మందికి ఈ లోపం ఉన్నట్లు తేలింది. స్త్రీలలో అది దాదాపు 16 శాతం, పురుషులలో 5 శాతం. పరీక్షించినవారిలో మూడు శాతానికి పైగా తమకు ఈ జబ్బు ఉన్నదని అప్పటిదాకా తెలియనే తెలియనివారు.

పరీక్ష దొరకడం నేడు కష్టం కాదు. చంపాపేట నుంచి ఇటు కర్మన్‌ఘాట్ దాకా, అటు సైదాబాదు దాకా నడిస్తే రక్తపరీక్షా కేంద్రాల బోర్డులు ఎన్నో కనిపిస్తాయి. 2018 నుంచి ప్రభుత్వం తెరిచిన బస్తీ దవాఖానాల మూలంగా లేనివారికి కూడా పరీక్షలు అందుబాటులోకి వచ్చాయి. రోగి మాట వినే చెవి దొరకడమే కష్టంగా ఉంది.

ఆ రిపోర్టులోని అంకెను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అవటు గ్రంథి మందగించినప్పుడు మెదడు అడుగున ఉన్న పీయూష గ్రంథి దానిని "ఇంకా పనిచెయ్యి" అని గట్టిగా పురమాయిస్తుంది. ఆ పురమాయింపే టి.ఎస్.హెచ్. పని ఎంత తగ్గితే పురమాయింపు అంత పెరుగుతుంది. చాలా మంచి సాక్షి అది. కానీ ఒక సాక్షి మాత్రమే. రెండవ సాక్షి రోగి. ఆ సాక్షిని బోను ఎక్కించకుండానే తీర్పు చెప్పడం న్యాయం కాదన్నదే నా వాదం.

అసలు ఈ జబ్బును వైద్యశాస్త్రం కనుగొన్నదే రోగులను చూసి, విని. 1873లో లండను వైద్యుడు విలియం గల్ కొందరు స్త్రీలలో ముఖం ఉబ్బడం, మాట మందగించడం, చురుకుదనం నశించడం గమనించి గ్రంథస్థం చేశాడు. 1891లో జార్జి ముర్రే అనే వైద్యుడు గొర్రె అవటు గ్రంథి సారాన్ని ఇటువంటి రోగి ఒకామెకు సూది ద్వారా ఎక్కించాడు. ఆమె ఆ చికిత్సతో మరి 28 సంవత్సరాలు బ్రతికింది. టి.ఎస్.హెచ్.ను రక్తంలో కొలిచే పద్ధతి 1960ల దాకా లేదు. మన వాగ్భటుడు కూడా అష్టాంగహృదయంలో రోగిని పరీక్షించడానికి దర్శనం, స్పర్శనం, ప్రశ్నం అని మూడు మార్గాలు చెప్పాడు. ఇప్పుడు దర్శనం కాగితానికి దక్కుతోంది, స్పర్శనం సూదికి దక్కుతోంది, ప్రశ్నం ఎవరికీ దక్కడం లేదు.

నా మాటే చెబుతాను. నా గొంతు బొంగురుపోయినప్పుడు ఒక వైద్యుడు, "టీచరుగారు కదా, అరిచి అరిచి పోయి ఉంటుంది" అన్నారు. చలి ఓర్చుకోలేకపోతున్నానంటే "వయసు" అన్నారు. మలబద్ధకానికి వేరే మందు రాశారు. మూడింటినీ ఒక్కచోట చేర్చి రక్తపరీక్ష చేయించినది రెండేళ్ళ తరువాత మరొకరు. ఆయన అడిగినది ఒకే ప్రశ్న: "ఇవన్నీ ఇంచుమించు ఒకే కాలంలో మొదలయ్యాయా?"

మా వీధిలోని ఒక గృహిణి సంగతి ఇంకా చిత్రమైనది. మాత్ర వాడుతున్నా ఆమె టి.ఎస్.హెచ్. దిగిరాలేదు. రెండుసార్లు మోతాదు పెంచారు. ఎముకల డాక్టరు రాసిన కాల్షియం బిళ్ళను కూడా ఆమె ఉదయమే, ఈ మాత్రతోపాటే వేసుకుంటున్నదని ఎవరూ అడగలేదు. కాల్షియం, ఇనుము బిళ్ళలు ఈ మందును ఒంటికి పట్టనివ్వవు. వాటికీ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. మాత్రను పరగడుపున మంచినీళ్ళతో వేసుకొని, కాఫీ అయినా ఫలహారమయినా అరగంట నుంచి గంట ఆగి తీసుకోవాలి. "మాత్ర ఎప్పుడు, దేనితో వేసుకుంటున్నారు?" అన్న ప్రశ్నకు అర నిమిషం చాలదూ?

వైద్యులకు ఆ అర నిమిషం కూడా లేదని నేనెరుగుదును. 67 దేశాల లెక్కలను పరిశీలించి 2017లో ప్రచురించిన సమీక్షలో మన దేశంలో ప్రాథమిక వైద్యుడు ఒక రోగితో గడిపే సమయం సుమారు రెండు నిమిషాలని తేలింది. ఇది మన దేశపు తెగులే అనుకోనక్కరలేదు. అమెరికాలో 1984 నాటి ఒక అధ్యయనంలోనూ, రోగి మాట మొదలుపెట్టిన 18 సెకన్లకే సగటున వైద్యుడు అడ్డు తగులుతున్నట్లు కనబడింది.

ఇక్కడ ఇంకొక మాట కూడా చెప్పకపోతే పక్షపాతమవుతుంది. వినడమంటే రోగి అడిగినట్లు మోతాదు పెంచడం కాదు. టి.ఎస్.హెచ్. స్వల్పంగా పెరిగిన 65 ఏళ్ళు పైబడినవారు 737 మందితో జరిపి 2017లో వెల్లడించిన పరీక్షలో, మాత్ర వేసుకున్నవారి అలసట ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారికంటే తగ్గలేదు. మోతాదు మించితే గుండె లయ తప్పుతుంది, ఎముకలు గుల్లబారుతాయి. నీరసానికి రక్తహీనత కారణం కావచ్చు, బి12 లోపం కావచ్చు, నిద్రలేమి కావచ్చు, మనోవ్యాకులత కావచ్చు. అందుకే "నార్మల్" అన్న తరువాత అసలు విచారణ మొదలు కావాలంటాను. అవటు గ్రంథి కారణం కాదని తేలితే మరేమిటో వెదకాలి కదా.

ఆ రెండు నిమిషాలను వాడుకోవడానికి మన వైపు నుంచి కూడా కొంత సన్నాహం కావాలి. అరఠావు కాగితం మీద నాలుగు వాక్యాలు రాసుకొని వెళ్ళండి. "నీరసం" అన్న మాటను విప్పి రాయండి: "సంక్రాంతికి మూడంతస్తులు ఆగకుండా ఎక్కాను, ఉగాదికి మొదటి అంతస్తులోనే కూర్చుండిపోతున్నాను." "కాళ్ళు గుంజుతున్నాయి" అన్న మన తెలంగాణ మాటను సిగ్గుపడకుండా చెప్పండి, ఎప్పుడు గుంజుతున్నాయో కూడా చెప్పండి. వేసుకునే బిళ్ళలన్నీ, ఏ వేళకు ఏది వేసుకుంటున్నారో, రాయండి. పాత రిపోర్టులు తేదీల వరుసలో పెట్టుకోండి. మోతాదు మారిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు మళ్ళీ పరీక్ష అవసరమా అని అడగండి. రికార్డుల నకలు పొందడం, మరొక వైద్యుని అభిప్రాయం తీసుకోవడం రోగి హక్కులని జాతీయ మానవ హక్కుల సంఘం 2018లో రూపొందించిన పత్రం చెబుతున్నది. ఆ హక్కులను వినయంగానే వాడుకోవచ్చు.

వైద్యులకు నా విన్నపం ఒక్కటే. రిపోర్టు తెరవడానికి ముందు "ఎప్పటినుంచి, ఎలా ఉంది?" అని అడిగి, ఒక్క నిమిషం అడ్డు చెప్పకుండా వినండి. ఆ నిమిషంలో మేము సరిగా చెప్పలేకపోతే "నీరసమంటే ఏమిటమ్మా?" అని మళ్ళీ అడగండి. మా దగ్గర మాటలకు కొదవ లేదు.