మదరాసులో మన చలనచిత్రాల జాడ

తిరుపతి యాత్ర ముగించుకొని మదరాసు వెళ్లి, అక్కడ సినిమా తారల ఇళ్లు చూచి రావడం 1960లలో తెలుగువారికి యాత్రలో ఒక భాగంగానే ఉండేది. టి. నగరులోని బజుల్లా రోడ్డులో ఎన్.టి. రామారావుగారి ఇంటిముందు ఉదయమే యాత్రికుల బస్సులు బారులు తీరేవి. కొండమీది వేంకటేశ్వరుని దర్శించిన కన్నులతోనే తెరమీది శ్రీకృష్ణుని కూడా చూడాలన్నది వారి కోరిక. దీనిని పరిహసించడం సులభం. కాని ఒక నగరపు సినీ వారసత్వాన్ని చూడడానికి సామాన్య ప్రజలు తమంతట తాము బయలుదేరిన సందర్భమది. ఏ పర్యాటక శాఖా వారికి దారి చూపలేదు.

ఆ యాత్ర నేడు చేయదలచిన విద్యార్థికి ఏమి కనిపిస్తుంది? 1996లో చెన్నైగా పేరు మారిన ఆ నగరంలో చూడదగినది ఏమీ లేదని వెళ్లివచ్చినవారు చెబుతారు. స్టూడియోలు మూతపడ్డాయి, పాత థియేటర్లు పోయాయి, తెలుగు తారలు హైదరాబాదు చేరారు, ఇక మిగిలిందేమిటని వారి వాదం. ఈ వాదంతో నేను ఏకీభవించలేను. వారు వెదకినది భవనాలను. ఎవరు ఎక్కడినుండి వచ్చి, ఏ భాషవారితో చేయి కలిపి పనిచేశారో తెలుసుకొని వెళ్లినవారికి మదరాసు ఇప్పటికీ చాలా చెబుతుంది. తెలుసుకోక వెళ్లినవారికి ఎండా ఉక్కా మాత్రమే మిగులుతాయి.

నేడు అన్నా సాలై అని వ్యవహరించే మౌంట్ రోడ్డుతో ప్రారంభించడం మేలు. అక్కడి పెద్ద తపాలా కార్యాలయం ఆవరణలో, వార్విక్ మేజర్ 1913లో నెలకొల్పిన ఎలక్ట్రిక్ థియేటరు భవనం ఇంకా నిలిచి ఉన్నది. తపాలా బిళ్ళల విభాగాన్ని అందులో నడపడం వల్ల అది కూలిపోకుండా మిగిలింది. వాడుకలో ఉండడమే దానికి రక్ష అయింది. మరుసటి ఏడు, 1914లో, అదే రోడ్డున గెయిటీ థియేటరును కట్టించినవారు మచిలీపట్నానికి చెందిన రఘుపతి వెంకయ్య నాయుడుగారు. ఫోటోగ్రాఫరుగా మదరాసులో స్థిరపడి, కదిలే బొమ్మల యంత్రాన్ని తెప్పించుకొని, సింహళం, బర్మాల వరకు ప్రదర్శనలిస్తూ తిరిగివచ్చిన సాహసి ఆయన. కుమారుడు ప్రకాశ్‌ను ఈ విద్య నేర్చుకోవడానికి విదేశాలకు పంపారు. 1921లో వారి సంస్థనుండి 'భీష్మ ప్రతిజ్ఞ' మూకీ చిత్రం వెలువడింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1980లో ఆయన పేర పురస్కారాన్ని నెలకొల్పింది. పురస్కారం పేరు మనకందరికీ తెలుసు. గెయిటీ ఎక్కడ ఉండేదని అడిగే తెలుగువారు మాత్రం అరుదు. ఆ థియేటరు ఇప్పుడు లేదు.

అదే రోడ్డున ముందుకు సాగితే 1973లో ప్రారంభమైన వంతెన వస్తుంది. దాని అసలు పేరు అన్నా ఫ్లైఓవర్ అయినా జనం నోట అది జెమినీ ఫ్లైఓవరే. బూరలూదే కవల బాలురను చిహ్నంగా పెట్టుకొన్న ఎస్.ఎస్. వాసన్‌గారి జెమినీ స్టూడియో ఉండిన చోటు అది. స్టూడియో పోయి హోటలు వెలసినా, పేరు వంతెనకు పట్టుకొని మిగిలిపోయింది. ఇక్కడే తయారైన 'చంద్రలేఖ' 1948లో తమిళంలోను, హిందీలోను వెలువడింది. హిందీ రూపానికి మాటలు వ్రాయడానికి ఆగా జానీ కాశ్మీరీ వంటి ఉర్దూ రచయిత అవసరమయ్యారు. ఈ చిన్న విషయాన్ని మన కళాశాల విద్యార్థులు ప్రత్యేకంగా గమనించాలని కోరుతాను. దక్షిణాది స్టూడియోలలో ఉర్దూ అతిథిగా వచ్చిపోయిన భాష కాదు. జీతం తీసుకొని పనిచేసిన భాష.

కోడంబాక్కం అనే పేరే 'ఘోడా బాగ్' నుండి వచ్చిందనీ, అక్కడ ఆర్కాటు నవాబుల గుఱ్ఱాలు ఉండేవనీ ఒక కథనం ప్రచారంలో ఉన్నది. భాషా పండితులు దీనిని ఒప్పుకొంటారో లేదో గాని, గుఱ్ఱాల తోటలో సినిమా పుట్టిందన్న ఊహ బాగున్నది. అది దాటి వడపళని చేరితే విజయా-వాహినీ స్టూడియోల స్థలం. ఒకనాడు ఆసియాలోనే అతిపెద్ద స్టూడియోగా పేరుపొందినది ఇదే. మూలా నారాయణస్వామి, బి.ఎన్. రెడ్డిగార్ల వాహినీ, ఆపైన నాగిరెడ్డి, చక్రపాణిగార్ల విజయా సంస్థ ఇక్కడ వర్ధిల్లాయి. 'పాతాళ భైరవి' 1951లో, 'మాయాబజార్' 1957లో వచ్చాయి. 'మాయాబజార్' అచ్చమైన తెలుగు చిత్రమని మనం గర్విస్తాం. ఆ నౌకావిహారంలో కురిసిన వెన్నెలను సృష్టించినది మార్కస్ బార్ట్లీ అనే ఆంగ్లో-ఇండియన్ ఛాయాగ్రాహకుడు. ద్వారకను, ఘటోత్కచుని కొలువును కట్టిన కళాదర్శకులలో ఒకరు గోఖలే, మరొకరు కళాధర్. అదే కథ అదే స్టూడియోలో తమిళంలోనూ తయారైంది. ఇంతమంది చేతులు కలిస్తేనే మన అచ్చ తెలుగు పెండ్లి భోజనం తెరకెక్కింది!

ఆ స్థలంలో ఇప్పుడు ఆసుపత్రి ఉన్నది, 2013లో తెరచిన వాణిజ్య సముదాయమూ ఉన్నది. దీనిపై కన్నీరు కార్చేవారిని చూస్తే నాకు కొంత విసుగు కలుగుతుంది. నాగిరెడ్డిగారే స్వయంగా 1972లో ఆసుపత్రి స్థాపించారు. చిత్రీకరణ వీథులకు, పల్లెలకు తరలిపోయినప్పుడు ఖాళీ ఫ్లోర్లను ఎవరు ఎంతకాలం పోషిస్తారు? పాత యంత్రాలను చూడగోరేవారికి ఏ.వి.ఎం. సంస్థ 2023లో తమ ఆవరణలో ప్రదర్శనశాల తెరిచింది. మంచిదే. ఒక సంస్థ తన సొమ్ముతో చేయగలిగినది అంతవరకే.

విజయా సంస్థ 1967లో హిందీలో నిర్మించిన 'రామ్ ఔర్ శ్యామ్'ను గుర్తుచేయకుండా ముందుకు పోలేను. అది 1964 నాటి మన 'రాముడు-భీముడు'కు మరో రూపం. రెండింటికీ దర్శకుడు తాపీ చాణక్య. నాయకుడు దిలీప్ కుమార్, పాటలు షకీల్ బదాయూనీ, సంగీతం లక్నోకు చెందిన నౌషాద్. తెలుగు కథ, తెలుగు దర్శకుడు, మదరాసు నిర్మాతలు, ఉర్దూ కవి. మన ఇండ్లలో పెద్దలు దీనిని బొంబాయి చిత్రమనుకొనే చూశారు.

అయితే వీటన్నిటికంటె ముందున్న పెద్ద నష్టం ఒకటి ఉన్నది. ఏలూరు ప్రాంతంనుండి బొంబాయి వెళ్లిన ఎల్.వి. ప్రసాద్‌గారు తొలి హిందుస్తానీ టాకీ 'ఆలం ఆరా'లోను, తమిళ మాటలు తొలిసారి వినిపించిన 'కాళిదాస్'లోను, తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లోను నటించారు. తరువాత మదరాసులో ప్రసాద్ స్టూడియోను నెలకొల్పి, 1982లో ఫాల్కే పురస్కారం అందుకొన్నారు. ఆయన స్టూడియో ఉన్న సాలిగ్రామానికి ఎవరైనా వెళ్లవచ్చు. కాని 1931 మార్చి 14న బొంబాయి మెజెస్టిక్ థియేటరులో విడుదలైన 'ఆలం ఆరా'ను ఎవరూ చూడలేరు. దాని ప్రతి ఒక్కటీ మిగలలేదు. నాటి నైట్రేట్ ఫిల్ము తేలికగా అంటుకొనేది. ఆట ముగిసిన ఫిల్మునుండి వెండి తీసి అమ్ముకోవడమూ ఉండేది. 1964లో పూనాలో జాతీయ చలనచిత్ర భాండాగారం ఏర్పడేనాటికే ఎంతో పోయింది. అక్కడ కాపాడుకొన్న నైట్రేట్ రీళ్లలోనూ ఎన్నో 2003 జనవరి అగ్నిప్రమాదంలో బూడిద అయ్యాయి.

పోయిన చిత్రాలలో చాలావాటికి మిగిలిన సాక్ష్యం పాటల పుస్తకం. థియేటరు వాకిట అణాకో రెండణాలకో అమ్మిన ఆ పది పదిహేను పుటల పుస్తకంలో కథాసారం, పాత్రధారుల పట్టిక, పాటలు ఉండేవి. హిందీ చిత్రాల పుస్తకాలలో ఉర్దూ లిపిలోనూ పాటలు అచ్చయ్యేవి. వీటిని దాచినవారు పండితులు కారు. పాడుకోవడానికి కొని, ట్రంకు పెట్టె అడుగున పడవేసిన గృహిణులు, దర్జీలు, గుమాస్తాలు. మన విద్యార్థుల ఇండ్లలో ఇటువంటి పెట్టెలు ఇంకా ఉన్నాయి. ఇల్లు మారినప్పుడల్లా వాటిలో కొన్ని చిత్తుకాగితాలవాని తక్కెడలోకి పోతున్నాయి.

సినిమా కళాశాలకు తగిన విషయం కాదనే పెద్దలున్నారు. నాటకం, గజల్, హరికథ తగినవైతే ఇదెందుకు తగదో వారు చెప్పరు. రామోజీ ఫిల్మ్ సిటీ దగ్గర ఉండగా మదరాసు ఎందుకని అడిగేవారికి నా సమాధానం ఒక్కటే. 1996లో ప్రారంభమైన ఆ నగరి చూచి ఆనందించదగినదే. మన తాతలు చూసిన చిత్రాల చరిత్ర మాత్రం అక్కడ పుట్టలేదు.

కళాశాల కమిటీవారికి నా మనవి స్వల్పమైనది. విహారయాత్ర అంటే ఊటీ, మైసూరు అనే అలవాటును ఒక్క సంవత్సరం పక్కనబెట్టి విద్యార్థులను చెన్నై పంపండి. అక్కడ స్థిరపడిపోయిన పాత సాంకేతిక నిపుణులను, వాద్యకారులను కలిసి, వారు చెప్పినది వ్రాసుకొని రమ్మనండి. వారు వృద్ధులు, ఆలస్యానికి అవకాశం లేదు. ఇక గ్రంథాలయంలో పాటల పుస్తకాలకు ఒక బీరువా కేటాయించండి. ఇచ్చినవారి పేరు, ఆ చిత్రాన్ని వారు ఏ ఊరిలో ఏ థియేటరులో చూశారన్నది ఒక చీటీపై వ్రాసి పుస్తకంతో ఉంచాలి. తెలుగు పుస్తకాన్ని ఉర్దూ మాధ్యమం విద్యార్థి చదవలేడు, ఉర్దూ లిపిని తెలుగు విద్యార్థి చదవలేడు. కాబట్టి ఆ పట్టిక తయారు చేయడానికి ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చోవలసి ఉంటుంది.